పెబుల్ బీచ్‌లో ఒక్క రౌండుకి 675 డాలర్లు: పెట్టొచ్చా, వద్దా?

మూడుపుట్లమూర్తి (ఫ్రీమాంట్) | జులై 13, 2024

అందరికీ నమస్కారం. వచ్చే నెల నాకు యాభై నిండుతాయి. గోల్ఫ్ మొదలుపెట్టి ఏడేళ్లయింది. హ్యాండికాప్ (రౌండుకి అదనంగా పట్టే షాట్ల లెక్క, తగ్గేకొద్దీ మంచిది) 22 దగ్గర చతికిలబడి కూర్చుంది, కదలనంటోంది. పుట్టినరోజుకి కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డున ఉన్న పేరుమోసిన గోల్ఫ్ కోర్సు పెబుల్ బీచ్‌లో ఆడాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. ఇంటి నుంచి రెండు గంటల దారి కూడా లేదు. ఊళ్లో సముద్రం పెట్టుకుని మునగనివాడిలా ఉంది నా సంగతి.

ఈ ఏడాది గ్రీన్ ఫీ 675 డాలర్లు. ముందుగా టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) కావాలంటే వాళ్ల హోటల్లో కనీసం రెండు రాత్రులు ఉండాలి. గది రాత్రికి వెయ్యికి తగ్గదు. బ్యాగు మోసే కేడీ ఖర్చు విడిగా. నలుగురం వెళ్దామనుకున్నాం. మొత్తం లెక్క వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి ఒకడికి నడుం నొప్పి వచ్చింది, ఇంకొకడి కూతురికి హఠాత్తుగా కాలేజీ టూర్లు మొదలయ్యాయి.

మా ఆవిడ వద్దనలేదు. "వెళ్లిరండి. కానీ వచ్చాక 'బాగానే ఉంది గానీ' అని మొదలుపెట్టారో, ఊరుకోను" అంది. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు టెన్షన్.

ఆడినవాళ్లు నిజం చెప్పండి. అంత పెట్టొచ్చా?

కాకినాడకాజా (ఫ్రిస్కో) | జులై 13

కళ్లు మూసుకుని వెళ్లండి గురువుగారూ. మనమంతా క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం కదా. ఉప్పల్ స్టేడియంలో ఒక ఓవర్ బ్యాటింగ్ చేస్తానంటే ఎంత ఇచ్చినా లోపలికి రానిస్తారా? లార్డ్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గోల్ఫ్‌లో మాత్రం టైగర్ వుడ్స్ 2000లో యూఎస్ ఓపెన్‌ని 15 స్ట్రోకుల తేడాతో గెలిచిన గడ్డి మీద మన బాటా చెప్పుల బాపతు ఆట ఆడనిస్తారు. 1972లో జాక్ నిక్లాస్ 17వ హోల్లో 1 ఐరన్ అనే కర్రతో కొడితే బంతి జెండా కర్రకి తగిలి పక్కనే ఆగింది. పదేళ్ల తర్వాత, 1982లో, అదే హోల్లో టామ్ వాట్సన్ గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్క పొడుగు గడ్డిలోంచి చిప్ చేసి, అంటే మెల్లగా ఎత్తి కొట్టి, నేరుగా గుంటలో వేశాడు. మీరూ అక్కడే నిలబడతారు. దానికి ధరేమిటి?

లెక్కలమాస్టారు (చికాగో) | జులై 13

ధర ఉంది. 675. ఆయన అడిగిందే అది.

కాస్త విడదీసి చూద్దాం. పెబుల్ బీచ్‌లో సముద్రం పక్కన ఉండేవి 4 నుంచి 10 వరకు, తర్వాత 17, 18. పద్దెనిమిది హోల్స్‌లో తొమ్మిది. మిగతా తొమ్మిది చెట్ల మధ్య, ఇళ్ల మధ్య ఉంటాయి. మంచి హోల్సే, కానీ వాటి కోసం ఎవరూ విమానం ఎక్కరు. అంటే మీరు కొనేది తొమ్మిది సముద్రపు హోల్స్, ఒక్కోటి 75 డాలర్లు.

ఇంకోలా చూస్తే, రౌండు 72 షాట్లలో ముగించేవాడికి షాట్ 9 డాలర్ల 37 సెంట్లు పడుతుంది. మన మూర్తిగారు ఏ నూటపదో కొడితే షాట్ 6 డాలర్ల 14 సెంట్లకే వస్తుంది. ఈ బేరంలో లాభపడేది మనలాంటివాళ్లే.

హోటలు, గ్రీన్ ఫీ, కేడీ కలిపితే మూడు వేలకి పైమాటే. మీ ఊరి మ్యునిసిపల్ కోర్సులో రౌండుకి 55 చొప్పున వేసుకుంటే, ఆ డబ్బుతో ఏడాది పొడవునా వారానికొక రౌండు. నా ఓటు దానికే.

బంకర్‌బాబాయ్ (న్యూజెర్సీ) | జులై 13

మాస్టారూ, మీరు పెళ్లి భోజనంలో కూడా ఇడ్లీకి ఎంత పడిందో లెక్కేసే రకం.

అయినా మీ మాటలో సగం ఒప్పుకుంటాను, ఎందుకంటే నేను ఆడిన అన్నిటికన్నా గొప్ప కోర్సు ప్రభుత్వానిది. లాంగ్ ఐలాండ్‌లో బెత్‌పేజ్ బ్లాక్. న్యూయార్క్ రాష్ట్రపు పార్కు అది. 2002లో, 2009లో యూఎస్ ఓపెన్, 2019లో పీజీఏ (గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం) చాంపియన్‌షిప్ అక్కడే జరిగాయి. 2025 రైడర్ కప్పూ (అమెరికా, యూరప్ జట్ల పోటీ) అక్కడే. రాష్ట్రవాసులకి వంద డాలర్ల లోపే. నది దాటి వచ్చే మా న్యూజెర్సీ వాళ్లకి రెట్టింపు, అయినా పెబుల్ బీచ్‌తో పోలిస్తే చిల్లరే.

మొదటి టీ (హోల్‌లో మొదటి బంతి కొట్టే చోటు) దగ్గర కంచెకి బోర్డు ఉంటుంది: ఈ కోర్సు చాలా కష్టం, బాగా ఆడగలిగినవాళ్లే ఆడండి అని. నేను దాని ముందు ఫొటో దిగి, మొదటి బంతి సరిగ్గా ఎడమ పక్క చెట్లలోకి కొట్టాను. కార్టులు ఉండవు, నడవాల్సిందే. టీ టైమ్ కోసం ముందురోజు రాత్రే కారు తీసుకెళ్లి అక్కడి పార్కింగులో వరసలో పెట్టుకుని పడుకున్నాం. రాత్రి పదకొండింటికి మా తమ్ముడు డిక్కీ తెరిచి పులిహోర డబ్బా బయటికి తీశాడు. పక్క కారులో ఒక ఐరిష్ పెద్దాయన వాసనకి లేచొచ్చి రెండు సార్లు వడ్డించుకున్నాడు. నా స్కోరు 121. ఏ హోల్లో ఎన్ని కొట్టానో గుర్తులేదు. ఆ రాత్రి మాత్రం బాగా గుర్తుంది.

గోల్కొండగ్రీన్ (హైదరాబాద్) | జులై 14

మీ గొడవ చూస్తుంటే నవ్వొస్తోంది. ఇక్కడ ప్రశ్నే వేరు. అమెరికాలో డబ్బుంటే ఆడొచ్చు, లేకపోతే మ్యునిసిపల్ కోర్సు ఉంది. మా దగ్గర ఆ రెండో దారి లేదు. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు ఉంది, గచ్చిబౌలి పక్కన బౌల్డర్ హిల్స్ ఉంది, సికింద్రాబాద్ వైపు ఆర్మీ వాళ్ల కోర్సులు ఉన్నాయి. మెంబరై ఉండాలి, లేదా మెంబరు వెంట వెళ్లాలి, లేదా విజిటర్ ఫీజు కట్టాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ తొమ్మిది హోల్స్ ఆడి ఇంటికెళ్లడమన్నది మామూలు ఉద్యోగికి కుదరని పని.

కాబట్టి మాకు ఏ కోర్సయినా ఖరీదైన కోర్సే.

కానీ ఒక్కటి చెప్తాను. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు కోర్సు ఉన్న నయా ఖిల్లాలో ఆడుతుంటే చుట్టూ గోల్కొండ కోట గోడలు. అక్కడే "హతియాన్ కా ఝాడ్" అనే ఏనుగంత లావు బాబాబ్ చెట్టుంది, ఎన్నో వందల ఏళ్లది. కోట లోపల కోర్సు ఉండొచ్చా అనే గొడవ ఏళ్లుగా నడుస్తోంది, చరిత్ర ప్రేమికుల కోపం నాకూ అర్థమవుతుంది. అయినా పొద్దున్నే మంచులో ఆ బురుజు మీద నెమలి అరుస్తుంటే, గుంటలోకి దొర్లించే పుట్ తప్పినా బాధనిపించదు.

పెబుల్ బీచ్ ఆడలేదు. ఆడినవాళ్లెవరూ నాకు అక్కడి గడ్డి గురించి చెప్పలేదు. అందరూ సముద్రం గురించే చెప్పారు. దాన్ని బట్టి మీరే ఆలోచించుకోండి మూర్తిగారూ.

వెన్నెలవాకిలి (శాన్ డియాగో) | జులై 14

ఇక్కడ అందరూ మగవాళ్లే మాట్లాడుతున్నారు కాబట్టి నేనొకటి. నేనూ ఆడతాను, హ్యాండికాప్ 17, మా ఆయన కన్నా ఆరు తక్కువ. ఈ విషయం ఆయన ఎక్కడా చెప్పరు.

నిరుడు ఆడవాళ్ల యూఎస్ ఓపెన్ మొదటిసారి పెబుల్ బీచ్‌లో జరిగింది. హవాయి అమ్మాయి అలిసెన్ కార్పుజ్ గెలిచింది. చూడ్డానికి వెళ్లి, ఆ ఊపులో తర్వాత మేమిద్దరం ఆడాం. నిజం చెప్తున్నాను: మొదటి మూడు హోల్స్ దాకా "ఇంతేనా" అనుకున్నాను. నాలుగో హోల్ నుంచి నోరు మూశాను. గ్రీన్స్ ఎంత చిన్నవంటే, టీవీలో చూసి ఎవరూ ఊహించలేరు. ప్రొఫెషనల్ టూర్‌లో ఆడే కోర్సుల్లో అంత చిన్న గ్రీన్స్ ఇంకెక్కడా లేవంటారు. దూరం కొట్టేవాడికి కాదు, చిప్ బాగా చేసేవాళ్లకి సుఖం ఆ కోర్సు. నాకు 98 వచ్చింది. మా ఆయన స్కోరు ఇక్కడ రాయడం సంసారానికి మంచిది కాదు.

పట్టుచీర లెక్క చెప్తాను. ముప్పై వేల కంచిపట్టు కొని ఏడాదికొకసారి కట్టుకుంటాం. కట్టిన ప్రతిసారీ ఎంత పడిందని ఎవరైనా లెక్క వేస్తారా? బీరువా తెరిచినప్పుడల్లా కంటికి కనపడుతుందే, అది కూడా వాడకమే. అయితే ఆ చీర అప్పు చేసి కొంటే మాత్రం బీరువా తెరిచినప్పుడల్లా గుచ్చుకుంటుంది.

మా ఊళ్లో టోరీ పైన్స్ ఉంది, నగరపాలికదే. 2008లో టైగర్ విరిగిన కాలితో యూఎస్ ఓపెన్ గెలిచిన చోటు. నగరవాసి కార్డు ఉంటే ధర బాగా తగ్గుతుంది. పెబుల్ బీచ్ ఒకసారి చాలు. టోరీ పైన్స్ నెలనెలా ఆడినా విసుగు రాదు.

కాకినాడకాజా (ఫ్రిస్కో) | జులై 14

అక్కా, "విరిగిన కాలితో" అని మీరు చెప్పేసరికి నాకు మళ్లీ ఆ ఆట కళ్ల ముందుకొచ్చింది. స్కోర్లు సమానమై సోమవారం ఆడిన ప్లేఆఫ్‌తో కలిపి 91 హోల్స్ ఆడాడు.

ఎడారిదెబ్బ (ఫీనిక్స్) | జులై 15

రెండో వైపు కూడా వినండి. పేరు చెప్పను, ఎడారిలో ఒక రిసార్టు కోర్సు. పదేళ్ల పెళ్లిరోజుకి అక్కడ ఉండి, మనిషికి 400 పైగా కట్టి ఆడాను. మొదటి గ్రీన్ మీదకి వెళ్లేసరికి చుట్టూ ఇసుక, నిండా రంధ్రాలు. ముందురోజే ఎయిరేషన్ చేశారట. బుక్ చేసేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. బంతి పుట్ చేస్తే గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పోయింది. కౌంటర్లో అడిగితే, "గడ్డి ఆరోగ్యానికి అవసరం సార్" అని నవ్వాడు. గడ్డి ఆరోగ్యం నా క్రెడిట్ కార్డు మీద.

పైగా ఆరు గంటల రౌండు. ముందున్న గ్రూపు ప్రతి హోల్లో డ్రోన్ ఎగరేసి వీడియో తీసుకున్నారు. ఆట వేగం చూడాల్సిన మార్షల్ వచ్చి వాళ్లతో సెల్ఫీ దిగి వెళ్లాడు.

మూర్తిగారూ, ఎక్కడ బుక్ చేసినా ఫోన్ చేసి ఎయిరేషన్ తేదీలు అడగండి. వెబ్‌సైట్లో చూడకండి, మనిషితో మాట్లాడండి.

చలిదేశం (ఎడిన్‌బరో) | జులై 15

స్కాట్లండ్ నుంచి. ఇక్కడ ఈ చర్చ వింటే మా క్లబ్బులో ముసలాయన టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వుతాడు.

సెంట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు ఈ ఏడాది సీజన్‌లో 320 పౌండ్లు. తక్కువేమీ కాదు. కానీ అది ఊరిది. హోటల్లో దిగాలన్న నియమం లేదు. రెండు రోజుల ముందు బ్యాలట్‌లో పేరు వేస్తే, లాటరీ తగిలితే ఆడతాం. ఒంటరిగా వచ్చేవాళ్లు ఇదివరకు చీకట్లోనే వచ్చి క్యూ కట్టేవాళ్లు. ఈ ఏడాది నుంచి వాళ్లకీ డిజిటల్ లాటరీ పెట్టారు. ఆదివారం మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్లు కుక్కల్ని తిప్పుకుంటారు, పిల్లలు కోర్సులోని పాత స్విల్కన్ వంతెన మీద గెంతుతారు. నా దృష్టిలో ఓల్డ్ కోర్సు చూడాల్సింది ఆదివారమే, అదీ పైసా ఖర్చు లేకుండా.

లెక్కల మాస్టారికి ఒక చిన్న కానుక: అక్కడ ఏడు పెద్ద గ్రీన్లని రెండేసి హోల్స్ పంచుకుంటాయి. పంచుకునే హోల్ నంబర్లు ఏ జత కలిపినా 18 వస్తుంది. 2, 16. 3, 15. అలా.

ఇక చవక అంటే చెప్తాను. ఎడిన్‌బరో నడిబొడ్డున బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అని చిన్న హోల్స్ కోర్సు ఉంది. సొంత క్లబ్బులు (ఆడే కర్రలు) తెచ్చుకుంటే ఉచితం. ఊరి శివార్లలో మసెల్‌బరో ఓల్డ్ లింక్స్ ఉంది. తొమ్మిది హోల్స్, గుర్రప్పందాల ట్రాక్ మధ్యలో. 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఓపెన్ చాంపియన్‌షిప్ ఆరుసార్లు జరిగిన చోటది. అంత చరిత్ర ఉన్న గడ్డి మీద ఆడటానికి నాకైన ఖర్చు ఇద్దరి భోజనం కన్నా తక్కువ. చరిత్రే కావాలంటే దానికి 675 అక్కర్లేదు.

బంకర్‌బాబాయ్ (న్యూజెర్సీ) | జులై 15

తమ్ముడూ, ఎడిన్‌బరోకి విమానం టికెట్టు కూడా ఉచితమా?

చలిదేశం (ఎడిన్‌బరో) | జులై 15

అది మాత్రం కాదు బాబాయ్ 😄

చెరువులోబంతి (ఆస్టిన్) | జులై 16

మూడు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ.

నేను చిన్నప్పుడు కేడీని. మా ఊరు, క్లబ్బు పేరు వదిలేయండి. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా ఆదివారాలు, సెలవులు అక్కడే. దానికి ముందు చెరువులో బంతులు తీసేవాళ్లం. నడుం లోతు నీళ్లలో నిలబడి కాలి వేళ్లతో బురదలో వెతకాలి. గట్టిగా గుండ్రంగా తగిలితే బంతి, మెత్తగా ఉంటే నత్త. కొంచెం పదునుగా తగిలితే సీసా పెంకు, ఆ గీత ఇప్పటికీ నా ఎడమ పాదం మీద ఉంది. బంతిని లుంగీకి తుడిచి, గీతలు లేనివి ఒక పక్క, ఉన్నవి ఒక పక్క పెట్టేవాళ్లం. కొత్తగా కనపడే టైట్లిస్ట్ కంపెనీ బంతికి ఇరవై రూపాయలు, మిగతావి ఐదు. ఒక్కోసారి పొద్దున నీళ్లలో పోగొట్టుకున్నాయనకే సాయంత్రం అదే బంతి అమ్మేవాళ్లం. దాని మీద ఆయన పెన్నుతో పెట్టుకున్న చుక్క ఉండేది. తెలిసినా ఏమీ అనేవాడు కాదు.

అంటే, ఖరీదైన కోర్సులో నాలుగేళ్లు పైసా కట్టకుండా నడిచినవాణ్ణి నేను. నేను చూసింది చెప్తాను. కంపెనీ ఖర్చు మీద వచ్చేవాళ్లు ఫోన్‌లోనే ఉండేవాళ్లు. ఏ హోల్లో ఉన్నారో నన్ను అడిగేవాళ్లు. ఒక రిటైరైన లెక్చరర్ గారు ఉండేవారు, మెంబరు గెస్టుగా నెలకొకసారి వచ్చేవారు. ఆయన ప్రతి టీ దగ్గర బ్యాగు దించమని, ఒక నిమిషం ఊరికే చూసేవారు. షాట్‌కి గడ్డి లేచిన గుంత (డివాట్) తనే పూడ్చేవారు. రౌండు అయ్యాక, ఈ రోజు ఏ షాట్ బాగుందిరా అని నన్ను అడిగేవారు. ఆయన స్కోరు ఎప్పుడూ వందకి పైనే.

అమెరికా వచ్చాక నేను ఏ రౌండుకీ 60 డాలర్లు దాటి పెట్టలేదు. పెట్టలేక కాదు. చెయ్యి రాదు, అంతే. కానీ మూర్తిగారూ, మీరు వెళ్తే హోటలు మానేయండి, కార్టు మానేయండి. కేడీని మాత్రం మానొద్దు. ఆ మొత్తం బిల్లులో మనిషి చేతికి వెళ్లేది ఆ ఒక్క ముక్కే.

వెన్నెలవాకిలి (శాన్ డియాగో) | జులై 16

పెన్ను చుక్క ఉన్న బంతి... ఇవాళ రోజంతా అదే గుర్తొస్తుంది.

లెక్కలమాస్టారు (చికాగో) | జులై 16

నా లెక్కలో కేడీ పద్దు "అదనపు ఖర్చు" కింద రాశాను. మార్చుకుంటున్నాను.

మూర్తిగారూ, హోటలు లేకుండా దారి ఉంది. అక్కడ దిగనివాళ్లు 24 గంటల ముందు ఫోన్ చేసి ఖాళీ ఉందేమో అడగొచ్చు. నలుగురికి దొరకడం కష్టం, ఒక్కడికి దొరికే అవకాశం ఎక్కువ. మూడు వేల లెక్క వెయ్యి లోపుకి దిగుతుంది. అప్పుడు నా ఓటు కూడా మారొచ్చు.

ఇంకొకటి. అక్కడి గ్రీన్స్ మీద పోవా అనే గడ్డి. సాయంత్రానికి విత్తనాలు పొడుచుకొచ్చి బంతి వణుకుతుంది. పొద్దున టైమ్ అడగండి.

కాకినాడకాజా (ఫ్రిస్కో) | జులై 17

మా ఫ్రిస్కోలో పీజీఏ వాళ్ల కొత్త కోర్సులు నిరుడే తెరిచారు. పెద్ద కోర్సు రెండొందల పైనే. పక్కనే "స్వింగ్" అని పది హోల్స్ చిన్న కోర్సు, రాత్రి లైట్లు వేస్తారు. శుక్రవారం రాత్రి వెళ్తే సగం తెలుగే వినపడుతుంది. మా బాబు పన్నెండేళ్లవాడు, పెద్ద కోర్సు అడగడం మానేసి స్వింగే కావాలంటున్నాడు. నేనే మొదట్లో "కళ్లు మూసుకుని వెళ్లండి" అన్నాను కదా, ఇప్పుడు నాకే డౌటు వస్తోంది.

మార్కెట్‌రోడ్ (సన్నీవేల్) | జులై 17

తిరుమల లెక్కే ఇది. ఆరు గంటలు క్యూ, అర నిమిషం దర్శనం. అయినా ఎవరైనా "వర్త్ కాదు" అంటారా?

మోడరేటర్ | జులై 17

దేవుణ్ణి ఇందులోకి తేవొద్దని మనవి. పోయినసారి పుట్టర్ల చర్చ ఎక్కడికి పోయిందో అందరికీ గుర్తుంది.

పసిఫిక్‌గట్టు (శాన్ హోసే) | జులై 18

ఇంత సేపూ ఎవరూ పసిఫిక్ గ్రోవ్ పేరెత్తలేదేమిటి? పెబుల్ బీచ్‌కి కొద్ది మైళ్ల దూరం, మ్యునిసిపల్ కోర్సు, వంద లోపే. వెనక తొమ్మిది హోల్స్ పాయింట్ పినోస్ లైట్‌హౌస్ చుట్టూ, ఇసుక దిబ్బల మధ్య ఉంటాయి. 1855 నుంచి వెలుగుతున్న లైట్‌హౌస్ అది. అసలు సంగతి వినండి: 1919లో పెబుల్ బీచ్ గీసిన ఇద్దరిలో ఒకడు జాక్ నెవిల్. పసిఫిక్ గ్రోవ్ వెనక తొమ్మిదీ ఆయనే గీశాడు, 1960లో. అదే చేయి, అదే సముద్రం. "పేదవాడి పెబుల్ బీచ్" అని ఊరికే అనరు.

ఒప్పుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ముందు తొమ్మిది హోల్స్ మామూలు కాలనీ కోర్సులా ఉంటాయి. ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి బాట) మధ్యలో జింకలు పడుకుంటాయి, లేవమంటే లేవవు. కొండ అంచులు, అగాధాలు ఉండవు. పెబుల్ బీచ్ ఎనిమిదో హోల్లో ఒక షాట్ అగాధం మీదుగా కొట్టాలి, దానికి ఇక్కడ జవాబు లేదు.

మూడుపుట్లమూర్తి (ఫ్రీమాంట్) | ఆగస్టు 19

నెల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. వెళ్లొచ్చాను.

మాస్టారు చెప్పినట్టే చేశాను. హోటల్ లేదు. ముందురోజు ఫోన్ చేస్తే ఎనిమిది దాటాక ఒక్కడికి చోటుందన్నారు. పొద్దున నాలుగున్నరకి లేచి, మా ఆవిడ కట్టిచ్చిన దోసెలు డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. ఒహాయో నుంచి వచ్చిన ఒక తండ్రి, ఇద్దరు కొడుకులతో కలిపారు. కేడీని పెట్టుకున్నాను, నడిచాను. గ్రీన్ ఫీ, కేడీ, టిప్పు అన్నీ కలిపి తొమ్మిది వందలు దాటింది.

ఇప్పుడు అసలు సంగతి. పొగమంచు. మామూలుగా కాదు, పాలు పోసినట్టు. మొదటి మూడు హోల్స్‌లో నేను చేసిన పని డబ్బు లెక్కపెట్టుకోవడమే. మొదటి హోల్లో 7 కొట్టి, మనసులో "43 డాలర్లు" అనుకున్నాను. మాస్టారూ, ఈ పాపం మీదే. నాలుగో హోల్ వచ్చింది, సముద్రం లేదు. ఐదు, లేదు. ఆరో హోల్ కొండెక్కుతుంది, పైకి వెళ్తే కనపడుతుందన్నారు. పైన ఇంకా చిక్కటి మంచు. ఒక్కోటి 75 డాలర్ల చొప్పున కొన్న సముద్రం, కనపడకుండా అయిపోతోంది. ఒహాయో పెద్దాయనకి ఆ 75 లెక్క చెప్పాను. పాపం, అప్పటి దాకా బాగానే ఉన్నాడు.

ఏడో హోల్. మీరంతా ఫొటోల్లో చూసే చిన్న పార్ 3 (మూడు షాట్లలో ముగించాల్సిన హోల్), 106 గజాలు, కిందికి. మాకు జెండా కనపడలేదు. గ్రీన్ కనపడలేదు. టీ ముందు పది గజాల గడ్డి, తర్వాత తెలుపు, అంతే. కింద రాళ్ల మీద అల విరిగే చప్పుడు, సీల్స్ అనే సముద్రపు జంతువులు మొరిగే చప్పుడు. కేడీ అరవై దాటినాయన. నా చేతికి పిచింగ్ వెడ్జ్ అనే కర్ర ఇచ్చి, నా భుజాలు రెండు చేతులతో పట్టుకుని కొంచెం కుడికి తిప్పాడు. "ఎడమ చెవిలో అలలు, కుడి చెవిలో సీల్స్, మధ్యలోకి కొట్టు" అన్నాడు. కొట్టాను. బంతి రెండు క్షణాల్లో మాయమైంది. పడిన చప్పుడు రాలేదు. నలుగురం అలాగే నిలబడి విన్నాం, గుళ్లో గంట ఆగాక నిలబడ్డట్టు. (మోడరేటర్ గారూ, ఈ ఒక్కసారికి.)

కిందికి దిగితే జెండాకి పన్నెండు అడుగుల దూరంలో ఉంది. నా బంతే, మీ మాట గుర్తుపెట్టుకుని పెన్నుతో చుక్క పెట్టుకున్నాను చెరువులోబంతి గారూ. మిగతా ముగ్గురివీ బంకర్లలో, అంటే ఇసుక గుంటల్లో.

తర్వాత ఏం చేసుంటానో నా పేరు చూస్తే తెలుస్తుంది. మూడు పుట్లు. బోగీ, అంటే పార్ కన్నా ఒకటి ఎక్కువ.

ఎనిమిదో హోల్లో అగాధం మీదుగా కొట్టమన్నారు. కనపడని అగాధం మీదుగా కనపడని గ్రీన్‌కి. ఒకటి లోపలికి పోయింది, రెండోది దాటింది. తొమ్మిదో గ్రీన్ మీద ఉండగా ఒక్కసారిగా మంచు లేచింది. కింద కార్మెల్ బీచ్ మొత్తం, కుక్కలు, గొడుగులు, నీలం. ఒహాయో చిన్న కొడుకు ఇరవై ఏళ్లవాడు, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడనివాడు, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన పుట్టర్ గడ్డి మీద పడేసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

స్కోరు 108. షాట్‌కి 6 డాలర్ల 25 సెంట్లు.

లెక్కలమాస్టారు (చికాగో) | ఆగస్టు 19

కనపడని హోల్స్ ఐదు. కనపడినవి నాలుగు, తొమ్మిదో హోల్‌ని సగం వేసుకుంటే మూడున్నర. సముద్రం ఒక్కోటి 193 డాలర్లు పడింది మీకు.

ఎడారిదెబ్బ (ఫీనిక్స్) | ఆగస్టు 19

గ్రీన్స్‌కి రంధ్రాలు లేవు కదా?

మూడుపుట్లమూర్తి (ఫ్రీమాంట్) | ఆగస్టు 19

లేవండీ. ఫోన్లో అడిగే వెళ్లాను.

వెన్నెలవాకిలి (శాన్ డియాగో) | ఆగస్టు 20

అన్నీ చెప్పారు గానీ, ఇంటికి వెళ్లాక ఆవిడతో ఏమన్నారో చెప్పలేదు.

మూడుపుట్లమూర్తి (ఫ్రీమాంట్) | ఆగస్టు 20

తలుపు తీసి "ఎలా ఉంది?" అంది. నోటి దాకా "బాగానే ఉంది గానీ, ఏడో హోల్లో మూడు పుట్లు..." వచ్చింది. "బాగానే ఉంది" దగ్గర పళ్లు బిగించి ఆపేశాను. ఖాళీ దోసెల డబ్బా ఆవిడ చేతికిచ్చాను. "సగం ఒహాయో వాళ్లు తిన్నారు" అని మాత్రం చెప్పాను.

మళ్లీ వెళ్తావా అంటే, సొంత డబ్బుతో వెళ్లను. అరవై నిండినప్పుడు పిల్లలు పంపిస్తే చూద్దాం. కాకపోతే ఆ ఏడో హోల్ పుట్ మాత్రం రాత్రుళ్లు ఇంకా కొడుతూనే ఉన్నాను, ఎడమకి కొంచెం ఎక్కువ తీసుకోవాల్సింది.

చెరువులోబంతి (ఆస్టిన్) | ఆగస్టు 20

చుక్క పెట్టిన బంతి ఉందా, ఎనిమిదో హోల్లో పోయిందా?

మూడుపుట్లమూర్తి (ఫ్రీమాంట్) | ఆగస్టు 20

అదే పోయింది సార్. అగాధంలోకి. ఎవరైనా పిల్లలు కాళ్లతో వెతికి తీస్తే బాగుండు, కొనుక్కునేవాణ్ణి.

పసిఫిక్‌గట్టు (శాన్ హోసే) | ఆగస్టు 21

సెప్టెంబరు రెండో శనివారం పసిఫిక్ గ్రోవ్‌లో పదిన్నరకి టైమ్ ఉంది, మంచు తేలిపోయాకే. ముగ్గురం ఉన్నాం. మూర్తిగారూ, నాలుగో మనిషిగా వస్తారా? దోసెలు మాత్రం ఎక్కువ తెండి, జింకలు కూడా అడుగుతాయి.